ఎర్ర బకెట్టు

టోరున్ ఉల్లిపాయ తరుగుతోంది గానీ చెవులు రెండూ పైనే ఉన్నాయి. పడవ కింది గదిలో పొయ్యి ముందు నిలబడి, తుంటి చెక్కగోడకు ఆనించి, పైన కదిలే బూట్ల చప్పుడు వింటోంది. మొగుడు సీవర్ట్ చుక్కాని దగ్గరే ఉన్నాడు. ఎడమకాలు కాస్త ఈడుస్తాడు గనుక తెలిసిపోతుంది. కాలి చప్పుడు కన్నా ఆమెకు ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. అతని నడుముపట్టీ తాడు చివర ఇనుప కొక్కెం. పడవ పొడుగునా లాగి కట్టిన మోకుకు దాన్ని తగిలిస్తే టక్కుమంటుంది. తీసినా టక్కుమంటుంది. రెండు చప్పుళ్ళకూ తేడా ఆమెకు నిద్రలో కూడా తెలుసు.

పడవ కోరిక అతనిది. ఉద్యోగమంతా హెల్గెలాండ్ తీరంలో ఒకే సముద్రపు పాయ మీద, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కార్లు దాటించే ఫెర్రీలో గడిపాడు. చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టడం, గొలుసు వేయడం, కమ్మీ మీదికి వంగినవాళ్ళ మీద అరవడం. పచ్చకోటు వేసుకుని అతను వస్తుంటే పిల్లలు తల్లుల వెనక్కి పోయేవాళ్ళు. "చావాలనుంటే ఒడ్డు దిగి చావండి, నా ఫెర్రీలో కాదు" అనేవాడు. పాయ చివర ఉత్తరంగా తెరుచుకున్న సముద్రం రోజూ కనిపించేది. ఒక్కరోజూ అటు పోలేదు. పింఛను మొదలైన వసంతంలోనే పాత తెరచాప పడవ కొని, "ఇక తిరిగి రావలసిన ఒడ్డు లేదే" అన్నాడు.

టోరున్ చేపల ఫ్యాక్టరీలో మంచుముక్కల మధ్య కాడ్ చేపలు కోసీ కోసీ వేళ్ళు వంగిపోయిన మనిషి. ఆమెకు సముద్రం మీద ఏ కోరికా లేదు. ఒక్క షరతు పెట్టింది, తాడు విప్పిన దగ్గర్నుంచి లంగరు వేసేదాకా నడుముకు కొక్కెం ఉండాలని. అతను చెయ్యి కలిపి ఒప్పుకున్నాడు.

ఒక్క పనికి మాత్రం మాట తప్పుతాడు. ఉన్ని బట్టల మీద రబ్బరు లాగు, దాని మీద నడుముపట్టీకి కలిపి తొడల మధ్య నుంచి పోయే పట్టీ. అది విప్పితేగానీ ఒంటికి వెళ్ళడం కుదరదు. విప్పి, కమ్మీ మీదికి వంగి, తాపీగా కానిస్తాడు. మునిగిపోయిన మగవాళ్ళు సగం మంది గుండీలు విప్పుకునే దొరుకుతారని ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు చేతిలో కత్తులతోనే పడీపడీ నవ్వేవాళ్ళు. వాళ్ళలో మొగుళ్ళు అలా పోయినవాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. ఆ ఇద్దరూ తలెత్తకుండా చేపలు కోసేవాళ్ళు. అందుకే టోరున్ ఈ ఎర్ర బకెట్టు కొంది. పిడికి తాడు కట్టి అతని కాళ్ళ దగ్గరే పెట్టింది. అతను దాన్ని బోర్లించి దాని మీద కాళ్ళు చాపుకున్నాడు.

పొద్దున దాని మీదే గొడవ.

"ఏమయ్యా, ఆ బకెట్టు ఎందుకు కొన్నాను?"

"కాళ్ళకు బాగుంది."

"నీ కాళ్ళకు కొన్నానా?"

"కెప్టెనమ్మా, ఇంత సముద్రం ఎదురుగా పెట్టుకుని బకెట్టులో కానివ్వడానికి నేనేమన్నా ఆస్పత్రిలో పడున్నానా?"

"పడుంటే నాకు నిద్రన్నా పట్టేది."

అతను కాఫీ పొలమారేంత నవ్వాడు. "గాలే లేదే. నీళ్ళు చూడు, నూనె పోసినట్టున్నాయి. ఇవాళ పడేవాడెవడు? ఒక్కపూట నోరు మూసుకుని చూడు. నన్ను సముద్రం మింగుతుందేమో అదీ చూద్దాం."

నవ్వుతూ అన్న మాటే. కానీ ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. "సరే, మూసుకుంటా. ఊళ్ళో అందరి ప్రాణాలకూ కాపలా కాశావు, నీ ప్రాణం మాత్రం నీళ్ళపాలు చేసుకో" అని కిందికి దిగిపోయింది.

ఇప్పుడు ఉల్లిపాయ సగంలో ఉండగా వినిపించింది. టక్. తీసిన చప్పుడు.

నోరు తెరుచుకోబోయింది. పెదవి కొరికి పట్టుకుంది. మూసుకోమన్నాడుగా. కత్తి మరింత గట్టిగా దించింది. దూరంగా ఏదో పెద్ద ఓడ పోయినట్టుంది, దాని అల వచ్చి పడవను ఒకసారి మెల్లగా పక్కకు ఒరిగించి వదిలేసింది. ఉల్లిపాయ దొర్లి కిందపడింది. తీసి కడిగింది. తగిలించే టక్కు కోసం చెవి ఒగ్గింది.

రాలేదు.

"ఏమయ్యా."

పైకి వచ్చేసరికి చుక్కాని కట్టిన తాడుతో దానంతటది మెదులుతోంది. కప్పులో కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. నడుముపట్టీని ఫెర్రీ అలవాటు కొద్దీ చక్కగా మడిచి బల్ల మీద పెట్టాడు. బకెట్టు బోర్లించే ఉంది.

తెరచాప దించింది. ఇంజను వేసి వెనక్కి తిప్పింది. తేలే చక్రం విసిరింది. రేడియోలో తామున్న చోటు చెప్పింది. ఇవన్నీ చేసిన చేతులు తనవి కానట్టున్నాయి. నోరు మాత్రం తనదే. పొద్దుటి నుంచి బిగపట్టిందంతా ఆ నీళ్ళ మీదికి కుమ్మరించింది. "మూర్ఖుడా, మొండి ముసలాడా, చెప్పానా లేదా, చెప్పానా" అంటూ గొంతు పోయేదాకా అరిచింది. నూనెలాంటి నీళ్ళు ముడత పడకుండా విన్నాయి.

రేడియో విని వచ్చిన ఆర్విడ్ అనే చేపలవాడి పడవ అతన్ని నీళ్ళలోంచి తీసింది. తార్పాలిన్ కప్పి ఆమె పడవ పక్కకు తెచ్చాడు.

"పెద్దమ్మా, ఇప్పుడే చూడొద్దులే. ఒడ్డుకు చేరనియ్."

"నా మొగుణ్ణి నేను చూడకపోతే ఎవరు చూస్తారు, పక్కకు జరుగు."

తార్పాలిన్ ఎత్తింది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు చెప్పినట్టే ఉన్నాడు. ఆర్విడ్ ముఖం సముద్రం వైపు తిప్పుకున్నాడు. టోరున్ మోకాళ్ళ మీద కూర్చుని గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. తడిసిన ఉన్ని, వంగిపోయిన వేళ్ళు. ఒకటి పెడితే ఒకటి జారిపోతోంది. ఆర్విడ్ సాయం రాలేదు, తొందరపెట్టలేదు. చివరి గుండీ దాకా ఆమే పెట్టి, చొక్కా లాగి సర్దింది.

"ఒడ్డున అడుగుతారు పెద్దమ్మా. ఎట్లా పడ్డాడు?"

"తెరచాప తాడు చిక్కుపడింది. గాలికి. విప్పుదామని వెళ్ళాడు."

ఆర్విడ్ ఒకసారి అద్దంలా పరుచుకున్న నీళ్ళను చూశాడు. తన పడవ జెండాను చూశాడు, అది కర్రకు అతుక్కుని వేలాడుతోంది.

"అవును" అన్నాడు. "ఇవాళ గాలి మొండిగానే ఉంది."

అతని పడవ ముందు సాగుతూ ఆమె పడవను లాక్కుపోతోంది. టోరున్ చుక్కాని దగ్గర కూర్చుని తన కొక్కెం తగిలించుకుంది. టక్. కూతురు సున్నివాకు ఫోను చేయాలి. ఆమెకు కూడా గాలి అనే చెప్పాలి. మనిషి పోయినా అతని పరువుకు కాపలా తనకే తగిలించి పోయాడు, దానికి మళ్ళీ ఒళ్ళు మండింది. కాలితో బకెట్టును తన్నింది. అది దొర్లి, తాడు బిగుసుకుని, నోరు పైకి పెట్టి ఆగింది. లోపల చుక్క తడి లేదు. అడుగున కొట్టువాడు అంటించిన ధర కాగితం ఇంకా ఊడలేదు.