ప్రింటర్ గుర్తు

"మళ్ళీ ఏం పోగొట్టావు?" అన్నారు ఆయన, ఫోన్ ఎత్తగానే.

నేనింకా నోరు విప్పలేదు. పగటిపూట ఆఫీసుకి ఫోన్ చేశానంటే ఇంట్లో ఏదో కనబడకుండా పోయిందనే ఆయన ఉద్దేశం. అది తప్పని అనే అవకాశం కూడా నాకు లేదు. నిజంగానే ఒకటి కనబడకుండా పోయింది.

"కంప్యూటర్లో ప్రింటర్ ఐకాన్ లేదండీ. కింద పట్టీలో, గడియారం పక్కన ఉండేది. నిన్న ఉంది."

"నిన్న ఉందని నువ్వు అనుకుంటున్నావు."

"ఉందండీ. నిన్న దాన్ని నొక్కే కదా హెడ్ క్లీనింగ్ చేశాను."

"అయితే అప్పుడే ఎక్కడో నొక్కి చెరిపేసి ఉంటావు. కంగారుపడి ఇంకేదీ కెలక్కు. సాయంత్రం వచ్చి వెతికిపెడతాను."

వెతికిపెడతాను. ఈ మాట ఆయన ఎంత మెత్తగా అంటారంటే, వినేవాళ్ళకి నా మీద జాలి, ఆయన మీద గౌరవం ఒకేసారి కలుగుతాయి. నాకూ అలాగే కలిగేది. ఫోన్ పెట్టేసి, కుట్టుమిషన్ పక్కన పరిచిన కాగితాల వైపు చూశాను. నేను పిల్లల నాటకాలకి దుస్తులు కుడతాను. కొలతల ప్యాటర్న్‌లు కంప్యూటర్లో ఉంటాయి. వాటిని ముక్కలు ముక్కలుగా ప్రింట్ తీసి, కాగితాల అంచులు కలిపి అంటించి, ఆ గీతల వెంట బట్ట కత్తిరించాలి. గీత ఎక్కడైనా తెగిందంటే చంకలో గుడ్డ చాలదు. మా ప్రింటర్ ముసలిది. ఒక్క రాత్రి వాడకుండా ఉంచితే చాలు, దాని గొట్టాల్లో సిరా ఎండిపోయి, కాగితం మీద తెల్లటి చారలు పడతాయి. ఆ చారలు పోగొట్టే చిన్న ప్రోగ్రామే ఆ ఐకాన్ వెనకాల ఉన్నది. రేపు పొద్దున నాటకాల టీచరమ్మ వచ్చి పిల్లలకి దుస్తులు వేసి చూస్తానంది. నా చేతిలో ఉన్న కాగితాలన్నీ చారలే.

కంప్యూటరూ ఆయన పాతదే. కొత్తది కొనుక్కున్నాక దీంట్లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించి నాకిచ్చారు. "దీనికి వైరస్‌లు రావు, నువ్వు ఏం చేసినా పాడవదు" అని అందరి ముందూ చెప్పారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా అత్తగారైతే, "పాపం నా కొడుకు రెండు బుర్రలతో బతుకుతున్నాడమ్మా, ఒకటి తనకి, ఒకటి దానికి" అని అప్పటికి చాలాసార్లు అనేసి ఉన్నారు. చుట్టాలందరిలో నా పేరు మతిమరుపు మహారాణి. పెళ్ళిళ్ళలో పేరంటాల్లో నేను చేతిసంచి కింద పెడితే చాలు, ఎవరో ఒకరు దాని మీద కన్నేసి ఉంచుతారు. అదంతా ప్రేమే అనుకున్నాను.

మతిమరుపు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. కత్తెర మిషన్ సొరుగులో పెడతాను, స్నానాలగది అలమరలో దొరుకుతుంది. కళ్ళజోడు దిండు పక్కన పెడతాను, దుప్పట్ల అరలో బయటపడుతుంది. ఇంటి తాళాలు ఒకసారి పాత బూట్ల పెట్టెలో దొరికాయి. ప్రతిసారీ ఆయనే వెతికిపెట్టేవారు. నేను ఇల్లంతా తిరగేసి, చెమటలు కక్కాక, ఆయన కుర్చీలోంచి లేచి, "ఉండు, నేను చూస్తాను" అని వెళ్ళి, కాసేపటికి పట్టుకొచ్చి నా చేతిలో పెట్టేవారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు ముందే అనుమానం వచ్చేదేమో. డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళారు. ఆ డాక్టరు నా వైపు చూస్తూ అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆయనే జవాబు చెప్పారు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఒత్తిడి అన్నారు, నిద్రకి మాత్రలు రాశారు.

అప్పుడు నేను ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేసేదాన్ని. చదివిన చదువు అదే, ఇష్టపడి చేసిన పనీ అదే. ఒకరోజు తాళాలు దొరికాక, ఆయన నా చెయ్యి పట్టుకుని, "తాళం ఎక్కడ పెట్టావో గుర్తులేని మనిషివి. రేపు ఒకరి మందు ఇంకొకరికి ఇస్తే? ఎవరి ప్రాణం మీదికైనా వస్తే నువ్వు తట్టుకోగలవా?" అన్నారు. తట్టుకోలేననిపించింది. ఆ వారమంతా ప్రతి చీటీనీ తిప్పి తిప్పి చదివాను. ఉద్యోగం మానేస్తానని చెప్పినప్పుడు మా పెద్ద మేడం ఆశ్చర్యపోయింది. "ఇన్నాళ్ళలో నువ్వు ఒక్క మాత్ర కూడా తప్పు ఇవ్వలేదు కదమ్మా" అంది. "ఇంకా ఇవ్వలేదు మేడం" అన్నాను. అంత నమ్మాను.

మొన్న మా అమ్మాయి స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతోంది. "అమ్మకి చెప్పకు, మర్చిపోతుంది. నాన్నకి చెప్తాలే" అంది. ఏదో సినిమా ప్రోగ్రాం. మామూలుగా, ఇవాళ వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా అంది. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. కుళాయి కట్టేశాను.

సాయంత్రం దాకా ఆగితే ఆయన వస్తారు, వెతికిపెడతారు. కానీ అప్పటికి బట్ట కత్తిరించే టైము ఉండదు. అందుకని మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. ఆయన చెల్లెలు. ఒక కాలేజీలో కంప్యూటర్ల బాగోగులు చూసుకునే పని. ఎప్పుడు చేసినా "రెండే రెండు నిమిషాలు వదినా" అని మొదలుపెట్టి అరగంట మాట్లాడుతుంది.

"అది చెరిగిపోయే వస్తువు కాదు వదినా. పట్టీలోంచి ఊడిపోయినా మెనూలో ఉంటుంది. మెనూ తెరిచి చూడు."

"చూశాను. అక్కడా లేదు."

"ఆఫీస్ అనే చోట, గ్రాఫిక్స్ అనే చోట?"

"అన్నీ చూశాను. నేనే చెరిపేశానన్నారు మీ అన్నయ్య."

"చెరిపెయ్యాలంటే పాస్‌వర్డ్ కొట్టాలి. నువ్వు కొట్టావా?"

"లేదు. ఏమో. కొట్టలేదనే అనుకుంటున్నాను."

"అనుకోవడమేంటి వదినా. కొట్టావా లేదా?"

ఎవరైనా నన్ను ఇలా అడిగి ఎన్నాళ్ళైందో. "కొట్టలేదు" అన్నాను.

"సరే. మెనూ బొత్తాం మీద రైట్ క్లిక్ ఇవ్వు. మెనూని మార్చు అనే అర్థం వచ్చేది ఒకటి ఉంటుంది, అది తెరువు. ఎడమవైపు వరసగా గుంపుల పేర్లుంటాయి. ఒక్కొక్కటీ నొక్కుతూ కుడివైపు చూసుకుంటూ పో."

ఒక్కొక్కటీ నొక్కుతూ పోయాను. సిస్టమ్ పనిముట్లు అన్న గుంపులో, నేనెప్పుడూ తెరవని చోట, అట్టడుగున ఉంది. నీలం రంగు ప్రింటర్ బొమ్మ, పక్కన చిన్న సిరాచుక్క. దాని ముందున్న గడి ఖాళీగా ఉంది. మిగతా వాటన్నిటికీ టిక్కులున్నాయి.

"దొరికింది. కానీ దీనికి టిక్కు లేదు."

"టిక్కు లేదా?" అని రెట్టించి అడిగింది. తర్వాత అంది, "టిక్కు పెట్టు. ఇప్పుడు మెనూలో కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని కింద పట్టీలోకి లాగి వదిలెయ్."

పెట్టాను. లాగాను. గడియారం పక్కన ఐకాన్ వచ్చి కూర్చుంది. నొక్కితే తెరుచుకుంది. హెడ్ క్లీనింగ్ మొదలై, ప్రింటర్ మూలుగుతూ అటూ ఇటూ కదలసాగింది. ఆ చప్పుడు ఆడపడుచుకీ వినబడి ఉంటుంది.

"ఇలా దానంతట అదే అవుతుందా?" అని అడిగాను.

"అప్‌డేట్ వస్తే ఒక్కోసారి ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి పోతుంది. కానీ టిక్కు దానంతట అది తీసుకోదు వదినా. ఎవరో కూర్చుని తియ్యాలి. ఈ విండో ఇంతకు ముందు ఎప్పుడైనా తెరిచావా నువ్వు?"

"ఇలాంటిది ఒకటుందని నువ్వు చెప్పేదాకా నాకు తెలీదు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు వినబడింది. తెలియని తలుపు తీసి లోపల ఒకటి దాచి, ఆ సంగతి మర్చిపోవడం ఎవరివల్లా కాదు. ఎంత మతిమరుపు మహారాణివల్లైనా కాదు.

"వదినా" అంది ఆడపడుచు. గొంతు మారింది. "చిన్నప్పుడు నా పెన్సిళ్ళ డబ్బా ఎప్పుడూ పోతుండేది. పరీక్ష రోజే పోయేది. అన్నయ్యే వెతికి తెచ్చిచ్చేవాడు. మా అమ్మ నాకు రెండు తగిలించి, వాణ్ణి ముద్దు పెట్టుకునేది. ఒకసారి వాడు దాన్ని మంచం కింద పెట్టడం నా కళ్ళతో చూశాను. చెప్తే ఎవరూ నమ్మలేదు. తర్వాత్తర్వాత నేనే నమ్మడం మానేశాను. నీకు ఇన్నేళ్ళూ చెప్పకుండా ఎలా ఉన్నానో నాకే తెలీదు."

నాకు సంతోషం కలగాలి. నా బుర్ర బాగానే ఉందని ఎవరో సంతకం పెట్టి ఇచ్చినట్టే కదా. సంతోషం రాలేదు. రోగం నాదైతేనే బాగుండేదనిపించింది. రోగమైతే మాత్ర వేసుకుని పడుకోవచ్చు. ఇది రోగం కాకపోతే నేను ఇన్నేళ్ళూ ఎవరి పక్కన పడుకున్నట్టు? కళ్ళజోడు చేతిలో పెడుతూ నా తల నిమిరిన చెయ్యి ఎవరిది? ఆయన తెలిసి చేశారా, అలవాటుకొద్దీ చేసి తనే మర్చిపోయేవారా? ఈ రెండిట్లో ఏది నిజమైతే నేను ఈ ఇంట్లో ఉండగలనో తేలలేదు. ఆసుపత్రి కౌంటరు కళ్ళ ముందుకొచ్చింది. అక్కడ వందల పేర్లు, వందల మందులు. ఒక్కటీ తప్పలేదు. నేను మర్చిపోయినవన్నీ ఈ ఇంట్లోనే. ఈ గుమ్మం దాటగానే బాగుపడే రోగం ఏమిటని నేనూ అడగలేదు, డాక్టరూ అడగలేదు.

"ఈ కంప్యూటర్లో నాకంటూ వేరే లాగిన్ పెట్టుకోవచ్చా?" అన్నాను చివరికి.

"పెట్టుకోవచ్చు. చెప్తాను. అన్నయ్య కావాలనుకుంటే దాన్నీ తెరవగలడు వదినా, అబద్ధం ఎందుకు. కానీ అది తలుపు పగలగొట్టినట్టు ఉంటుంది. ఏదో సర్దబోయానని తప్పించుకోవడం కుదరదు."

ఆమె చెబుతూంటే చేశాను. నా పేరు పెట్టాను. పాస్‌వర్డ్ పెట్టాను. తర్వాత ప్యాటర్న్ అంతా ప్రింట్ తీసి, కాగితాలు నేల మీద పరిచి, అంటించి, బట్ట కత్తిరించాను. ఒక్క గీతా తెగలేదు.

సాయంత్రం ఆయన వచ్చారు. బూట్లు విప్పుతూ, "ఏదీ, చూద్దాం పద" అన్నారు.

"అక్కర్లేదండీ. దొరికింది."

ఆయన చెయ్యి బూటు లేసు మీద ఆగింది. "దొరికిందా? ఎక్కడ?"

"మెనూలో లోపల దాచి ఉంది. టిక్కు తీసేసి."

"ఓ, అదా" అన్నారు, లేసు లాగేస్తూ. "కింద పట్టీ అంతా గజిబిజిగా ఉందని సర్దాను. నీకు చెప్పాను కదా."

"పొద్దున ఫోన్లో నేనే చెరిపేశానన్నారు."

"అప్పుడు గుర్తు రాలేదు. ఆఫీసులో ఎన్ని ఉంటాయి నాకు." నవ్వి, లోపలికి వెళ్ళి, ముఖం కడుక్కున్నారు.

అంతే. ఆయనకి గుర్తు రాలేదు. ఆయన మర్చిపోతే ఎవరూ పేరు పెట్టరు, చెయ్యి పట్టుకుని ఉద్యోగం మానెయ్యమనరు, డాక్టరు ముందు కూర్చోబెట్టి పక్కనుంచి జవాబులు చెప్పరు. మర్చిపోవడం కూడా ఆయనకి ఇంత సుఖంగా ఉంటుందని నాకిప్పుడే తెలిసింది.

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. "ఏదీ, మళ్ళీ గజిబిజి చేశావేమో చూస్తాను." తెర వెలిగింది. రెండు పేర్లు కనిపించాయి, ఆయనది, నాది. నా పేరు నొక్కారు. పాస్‌వర్డ్ అడిగింది.

"ఇదేంటి?"

"నాది. నా పనికి."

"ఎవరు చేసిచ్చారు?"

"నేనే చేసుకున్నాను. మీ చెల్లెలు ఎలాగో చెప్పింది."

చెల్లెలి మాట వినగానే ఆయన నా ముఖంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు. తూకం వేస్తున్నట్టు ఉంది. తర్వాత మళ్ళీ ఆ మెత్తటి గొంతు వచ్చింది. "మంచిదే. కానీ పాస్‌వర్డ్ నాకు చెప్పి ఉంచు. రేపు నువ్వు మర్చిపోతే నీ పనంతా లోపలే ఉండిపోతుంది. నీ మంచికే చెబుతున్నా."

బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తింది.

"మర్చిపోతే ఆ తిప్పలేవో నేను పడతాను. మీకు మాత్రం చెప్పను" అన్నాను.

ఆయన లేచారు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన వెళ్ళిపోలేదు, నా భుజం వెనకాలే నిలబడ్డారు. నా వేళ్ళు కీబోర్డు అక్షరాల మీదే ఉన్నాయి. ఆయన పక్కకి జరిగేదాకా వాటిని కదపలేదు.