మూరెడు జెలటిన్

చర్చి కింది వంటగదిలో ఫ్రిజ్ తలుపు తీసిన ఆర్డిస్‌కు దిమ్మ తిరిగింది. మంగళవారం తను పెట్టి వెళ్లిన మూడు జెలటిన్ దిమ్మల్లో ఒక్కటీ లేదు. గట్టు మీద మాత్రం మూడు రొట్టె మూసలు శుభ్రంగా కడిగి బోర్లించి ఉన్నాయి.

"వదినా, నా దిమ్మలేవి?"

కాఫీ కప్పులు తుడుస్తున్న లవాన్ తలెత్తింది. "ఆ తెల్ల జెల్లోనా? రుచీ పచీ లేకుండా చేసి పెట్టిందేంటి ఈ పిల్ల అనుకుని, ముక్కలు కోసి, డబ్బా అనాసపండూ మీగడా కలిపి నిన్న హాల్వర్ తాత సంస్మరణ భోజనంలో వడ్డించేశాం. అందరూ నిన్ను తెగ మెచ్చుకున్నారు!"

"అవి తినేవి కావు వదినా! తూటాలు పేల్చి చూసుకునేవి!"

"అదా సంగతి! కాస్త సాగుతోందేమిటా అనుకున్నాం. మీ అన్నయ్య రెండోసారి వేయించుకున్నాడు కూడా."

అరవై నాలుగేళ్ల ఆడపడుచుని పిల్ల అనడం లవాన్‌కు అలవాటు. కానీ ఆర్డిస్ కళ్లలో నీళ్లు చూసేసరికి ఆవిడకూ నవ్వాగిపోయింది.

శనివారం జింకల వేట మొదలవుతుంది. వసంతంలో ఆర్డిస్ భుజానికి ఆపరేషన్ అయింది. పెద్ద రైఫిల్ తన్నే తన్ను ఇక ఆ భుజం తట్టుకోదని డాక్టరు తేల్చేశాడు. అందుకని రివాల్వర్ తూటాలతో పేలే పొట్టి రైఫిల్ ఒకటి సంపాదించుకుంది. అది తన్నదు, మహా అయితే భుజం తట్టినట్టుంటుంది. అయితే అంత చిన్న తూటా జింకకు సరిపోతుందా అన్నదే ప్రశ్న. వాళ్ల వేట గుడిసెలో అమ్మ పెట్టి పోయిన నియమం ఒకటుంది. కొత్త తుపాకీ ఏదైనా ముందు జెలటిన్‌లో నెగ్గాలి. తూటా విచ్చుకోవాలి, విచ్చుకుని కూడా మూరెడు లోతు పోవాలి. విచ్చుకోకపోతే జింక సూది పోటంత గాయంతో దేవదారు చిత్తడిలోకి పారిపోయి రోజుల తరబడి కుళ్లి చస్తుంది. మరీ తొందరగా విచ్చుకుంటే తూటా భుజం కండలోనే ఆగిపోతుంది, జింక గతి మళ్లీ అంతే. నెగ్గని వాళ్లు ఆ ఏడు గుడిసెలో పొయ్యి దగ్గర కూర్చుని మిగతావాళ్లకు వండి పెట్టాలి.

చిత్తడి అంచున ఆర్డిస్‌కు జింకల కంట పడకుండా పొంచి కూర్చునే మాటు ఒకటి ఉంది. నవంబరు తెల్లవారుజామున అందులో ఒంటరిగా కూర్చోవడం కోసమే ఆమె మిగతా ఏడాదంతా ఓపిక పట్టి బతుకుతుందంటే అతిశయోక్తి కాదు. అమ్మ పోయాక తీర్పు చెప్పేది అన్నయ్య ఆరిన్. ఆ మహానుభావుడు ఎండాకాలం నుంచీ ఒకటే పాట: "ఈసారి హాయిగా పొయ్యి దగ్గర కూర్చోవే అమ్మాయ్."

లవాన్ తను చేసిన తప్పు దిద్దుకోకుండా ఊరుకోలేదు. ఊళ్లో మామూలు జెలటిన్ నిండుకుంది. దాంతో చర్చి సంఘంలో ఆడవాళ్లందరికీ ఫోన్లు వెళ్లాయి, సాయంత్రానికి ఆర్డిస్ వంటింటి బల్ల నిండా జెల్లో అనే తీపి జెలటిన్ పొడి పొట్లాలు పోగయ్యాయి. చెర్రీ, నిమ్మ, నారింజ. మూడు రంగుల్లో మూడు దిమ్మలు పోసి రాత్రంతా గడ్డకట్టించింది.

శుక్రవారం పొద్దున్నే ఆరిన్ ఇంటి వెనక కంకర గుంటలో దిమ్మలు ఒకదాని వెనక ఒకటి పేర్చారు. ఆరిన్ ముందుగా గాలి తుపాకీతో చిన్న ఉక్కు గుండు పేల్చాడు. దిమ్మ సరిగ్గా కుదిరిందో లేదో చూసుకునే పద్ధతి అది. గుండు దిగవలసిన దానికంటే వేలెడు ఎక్కువ దిగింది.

"లేత దిమ్మ," అన్నాడు. "ఇందులో ఉల్లిపాయ విసిరినా మూరెడు పోతుంది. ఇది చెల్లదు."

"రేపే వేట! ఇంకెప్పుడు చేసేది? నన్ను వంటింట్లో కూర్చోబెట్టాలనే కదూ నీ ఏడుపంతా?"

"అవునే, నా ఏడుపు అదే," అన్నాడు ఆరిన్.

ఆరిన్ కంకర మీద బూటుతో గీతలు గీస్తూ గొణిగాడు. "క్రిస్మస్ అయ్యాక మోకాళ్లు కోస్తారట. నిచ్చెన ఎక్కితే ఊరుకోనన్నాడు డాక్టరు. నా మంచె చెట్టు మీద కదా, ఇక ఈ ఏడు నాకు వేట లేనట్టే. అందరూ అడవిలోకి పోతే నేనొక్కణ్ణే పొయ్యి ముందు దిష్టిబొమ్మలా కూర్చోవాలి. నువ్వుంటే కబుర్లైనా చెప్పుకోవచ్చనుకున్నా."

ఆర్డిస్‌కు కోపం ఎక్కడికి పోయిందో తెలీదు గానీ పోయింది. దిమ్మలు అక్కడే వదిలేసి ఇంటికెళ్లి, ఇక ఈ ఏటికింతేనని బంగాళదుంపల బస్తా కారులో పెట్టుకుంది.

మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగింది. "రావే," అన్నాడు ఆరిన్. "తుపాకీ తెచ్చుకో."

వెళ్లి చూస్తే మూడు దిమ్మలూ మళ్లీ నిలబడి ఉన్నాయి. తనే కరిగించాడట. నీళ్లు ఇగిరేదాకా కాచి, సంఘం ఆడవాళ్ల దగ్గర ఇంకా మిగిలిన పొట్లాలన్నీ అడిగి తెచ్చి కలిపి, వసారాలో మంచు మీద పెట్టి గడ్డకట్టించాడట. చొక్కా నిండా ఎర్రటి, పచ్చటి మరకలు. ఊరికే కూర్చుని ఉంటే చాలు, చెల్లెలు పొయ్యి దగ్గర తోడుండేది. ఆ మాట తట్టగానే ఆర్డిస్‌కు అన్నయ్య మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. పైకి మాత్రం, "వదిన గిన్నెలు మాడ్చావా?" అంది.

"రెండే."

ఈసారి ఉక్కు గుండు ఆగవలసిన చోటే ఆగింది.

ఆర్డిస్ మొదటి రకం తూటా పేల్చింది. అది పొట్టి రివాల్వర్ కోసం చేసినది. రివాల్వర్ కంటే పొడుగైన రైఫిల్ గొట్టంలోంచి మరీ వేగంగా వచ్చి, చెర్రీలోనే పువ్వులా విచ్చుకుని, నిమ్మ మొదట్లో చతికిలబడింది.

"తొందరపాటు తూటా," అన్నాడు ఆరిన్. "అచ్చం నీలాగే."

రెండో రకం బరువైనది, గట్టిది. ఆర్డిస్ ఊపిరి బిగబట్టి పేల్చింది. దిమ్మలు ఎగిరి పడి సర్దుకున్నాయి. తూటా చెర్రీ దాటింది, నిమ్మ దాటింది, నారింజలో చాలా దూరం పోయి ఆగింది. ఆరిన్ వంగలేక వంగి, దిమ్మల పక్కన మోచెయ్యి ఆనించి కొలిచాడు. తూటా అతని వేళ్ల కొసల అవతల ఉంది. కత్తితో తవ్వి తీసి చూస్తే, పుట్టగొడుగులా నిండుగా విచ్చుకుని ఉంది.

దాన్ని చెల్లెలి అరచేతిలో పెట్టాడు. "నెగ్గావే. ఇంతకంటే బాగా ఎవరి తుపాకీ నెగ్గలేదు."

ఆర్డిస్ పిడికిలి మూసింది. తూటా ఇంకా గోరువెచ్చగా, జిగటగా ఉంది.

"అన్నయ్యా, నా మాటు నేల మీదే. నిచ్చెన లేదు. రెండో కుర్చీ పడుతుంది."

"మరి వంట?"

"ఒక్కరోజు చల్లటి రొట్టె తింటే ఎవరూ చావరు."

"నేను గురక పెడతానే. జింకలన్నీ పక్క ఊరికి పోతాయి."

"పెడితే మోచేత్తో పొడుస్తా."

ఆరిన్ నవ్వబోయి, అది కుదరక ముక్కు చీదుకున్నాడు. తర్వాత షెడ్డు వైపు కుంటుకుంటూ బయల్దేరాడు.

"ఎక్కడికి?"

"కుర్చీకి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.