కొలతల పుస్తకంలో బీపీ

నేను ఒక కత్తెరను. అందులోనూ ఒళ్ళు మండుతున్న కత్తెరను. ఇద్దరు యజమానుల దగ్గర కలిపి పాతికేళ్ళకు పైగా పనిచేశాను. ఒకాయన నాతో గుడ్డ కోశాడు, రెండో ఆయన మందుబిళ్ళల షీట్లు కోస్తున్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఆ మంచివాళ్ళ మధ్య కూర్చుని నేను చూసింది చెబుతాను. మధ్యలో నోరు జారితే ఏమీ అనుకోకండి.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఉత్తరాదిన ఎక్కడో, తుక్కు కింద పడేసిన లారీ కమానుపట్టీని కొలిమిలో కాల్చి, బాది, సానపట్టి, ఇత్తడి పిడి తగిలించి నన్ను చేశారు. విజయవాడలో ఒక కొట్లో మేకుకు వేలాడుతున్న నన్ను అద్దంకి నుంచి వచ్చిన నాగూరు అనే టైలరు కిందికి దించి, చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఆడించాడు. చప్పుడు నచ్చినట్టుంది. బేరం కూడా ఆడకుండా సంచిలో వేసుకున్నాడు.

ఆయన చెయ్యి ఎలాంటిదో చెప్పాలి. గుడ్డ మీద సుద్దతో గీత గీసి, నన్ను ఆ గీత మొదట్లో పెట్టి తోశాడంటే చంక మలుపు దాకా ఆగేది లేదు. వంకర అనే మాట ఆ చేతికి తెలియదు. బొటనవేలి మొదట్లో నా పిడి రాసుకుని రూపాయి బిళ్ళంత కాయ కాసింది. బస్టాండు వెనక వీధిలో ఆ ఒక్క చేతి మీదే భార్యా, ఇద్దరు పిల్లలూ, రెండు మిషన్లూ బతికాయి.

మనుషుల సంగతి కూడా ఆ షాపులోనే తెలిసింది నాకు. టేపు పెట్టగానే పెద్దమనుషులంతా పొట్ట లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. నాగూరు లోపల్లోపల నవ్వుకుని, వాళ్ళు ఇచ్చిన కొలతకు రెండంగుళాలు కలిపి పుస్తకంలో రాసుకునేవాడు. ఆ పుస్తకమంటే ఆయనకు ప్రాణం. పొడుగాటి నోటుబుక్కు. పేరు, ఛాతీ, నడుము, భుజం, పొడవు, తేదీతో సహా. ఒకసారి కొలత రాసుకుంటే ఏడాది దాకా ఢోకా లేదనేది ఆయన నమ్మకం. చొక్కాల విషయంలో అది నిజమే.

సాన పట్టీపట్టీ నేను సన్నబడిపోయాక నాగూరు కొత్త కత్తెర కొన్నాడు. పక్కనే ధనంజయ శెట్టిగారి మందుల షాపు. రెండు షాపులకూ ఒకటే అరుగు, మధ్యలో నడుమెత్తు గోడ. శెట్టిగారు బిళ్ళల షీట్లను బ్లేడుతో కోస్తూ వేళ్ళు కోసుకోవడం చూడలేక, నన్ను గోడ మీదుగా అందించాడు. "ఇది వాడుకో శెట్టిగారూ. సూటు గుడ్డకు పనికిరాదు గానీ నీ అట్టముక్కలకు చాలు." అట్టముక్కలట. అప్పుడే నాకు చురుక్కుమంది.

కొత్త ఉద్యోగం తేలిక. పది బిళ్ళల షీటు మొత్తం కొనేవాళ్ళు తక్కువ. రెండివ్వండి, నాలుగివ్వండి అంటారు. శెట్టిగారు మందు పేరూ గడువు తేదీ అచ్చు వేసిన వైపు షాపులో ఉంచుకుని, అచ్చు లేని వైపు నాతో కోసి ఇస్తాడు. ఆయన తప్పూ కాదు, మిగిలింది ఏ మందో ఆయనకు తెలియాలి కదా. కొనుక్కుపోయినవాళ్ళకు తెలియనక్కర్లేదు కాబోలు.

మూడేళ్ళ కిందట ఒకరోజు నాగూరు తల దిమ్ముగా ఉందని జండూబామ్ కోసం వచ్చాడు. శెట్టిగారు ఊరికే ఉండకుండా కౌంటరు మీదున్న బీపీ మిషను పట్టా ఆయన చేతికి చుట్టాడు. అంకెలు చూసి మళ్ళీ చుట్టాడు. మూడోసారి రెండో చేతికి చుట్టాడు.

"నూట తొంభై, నూట ఇరవై. ఇదేంది నాగూరూ, నువ్వు నిలబడి మాట్లాడతన్నావా నాతో?"

"ఎంతుండాలేంది?"

"నూట ముప్పై, ఎనభై లోపల. ఇది తల్లోకి కొట్టిందంటే పక్షవాతం. చెయ్యి పడిపోతే ఏం కోస్తావు? రేపే ఒంగోలు పోయి డాక్టరుకు చూపించుకో. బిళ్ళ రోజూ వేసుకోవాల, బతికున్నన్నాళ్ళూ."

నాగూరు కుడిచెయ్యి తెరిచి చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. "పై కొలత ఎక్కువ, కింది కొలత తక్కువ. మంచి కట్టే గదా శెట్టిగారూ!" అని గోడ దాటిపోయి, పుస్తకం తీసి, తన పేరున్న పేజీలో ఛాతీ నలభై, నడుము ముప్పై ఆరు కింద బీపీ 190/120 అని తేదీ వేసి రాసుకున్నాడు.

ఒంగోలు పోలేదు. ఎందుకు పోలేదో వినండి, నాకు ఎక్కడ మండుతుందో మీకే తెలుస్తుంది. ఆయనకు ఒకప్పుడు తెల్లకార్డు ఉండేది. జబ్బు చేస్తే పెద్ద ఖర్చు సర్కారే చూసుకునేది. షాపు వెనకే ఇల్లు, రెండింటికీ ఒకటే మీటరు. రెండు మోటారు మిషన్లూ ఇస్త్రీపెట్టే కలిసి కరెంటు ఎక్కువ కాలిందని కార్డు తీసేశారు. కాగితాల మీద నాగూరు ఉన్నవాడైపోయాడు. ఆఫీసుకు పోతే మీటరు విడగొట్టించుకు రమ్మన్నారు. మీటరు వాళ్ళేమో ఇల్లూ షాపూ వేరని కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం ఇచ్చేవాళ్ళు మీటరు వేరుగా ఉంటేనే ఇస్తామన్నారు. నాలుగుసార్లు తిరిగి, చేతిలో పని పాడవుతోందని మానుకున్నాడు. ఆయన బీపీ ఆ మెట్ల మీదే సగం పెరిగి ఉంటుంది.

ఇక మిగిలింది ప్రైవేటు ఇన్సూరెన్సు. భాస్కర్ అనే ఏజెంటు చొక్కా కుట్టించుకోడానికి వచ్చి ఆ సంగతి ఎత్తాడు. పొట్ట పీల్చుకుని కొలతిస్తూనే మాట్లాడాడు.

"బీపీ ఉందని ఫారంలో రాస్తే దానికి మూడేళ్ళదాకా రూపాయి రాదు భాయ్. పైగా డబ్బు ఎక్కువ కట్టాల. డాక్టరు చీటీ ఏమన్నా ఉందా నీకు?"

"లేదు."

"మంచిది. ఉండగూడదు గూడా. ఫారం మీద లేదని నేను రాసుకుంటా. టెస్టు రోజు మిషన్లో సరిగ్గా వస్తే చాలు."

ఆ రోజు నుంచి నాగూరు జబ్బు దాచుకునే పనిలో పడ్డాడు. డాక్టరు దగ్గరికి పోతే చీటీ పుడుతుంది కాబట్టి పోడు. బిల్లు వద్దంటాడు. తల తిప్పిన వారం నాలుగు బిళ్ళలు తీసుకుంటాడు, తిప్పని వారం వాటి ఊసెత్తడు. అరుగు మీద ఖాళీగా ఉన్నప్పుడు బీపీ చూపించుకుని పుస్తకంలో మాత్రం తేదీ తప్పకుండా రాసుకుంటాడు. నూట ఎనభై, నూట తొంభై ఐదు, రెండొందలు. రాసుకోవడం దేనికయ్యా అంటే కొలత కొలతే అంటాడు! చీటీ లేకపోతే బిళ్ళ ఇవ్వనని శెట్టిగారు ఒక్కసారి గట్టిగా అని ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. అంటే నాగూరు నాలుగు అడుగులు నడిచి ఇంకో షాపుకు పోయేవాడు, అదీ తెలుసు. నాకు నోరుంటే ఇద్దరినీ కలిపి తిట్టేదాన్ని. ఉన్నవి రెండు రెక్కలు, శెట్టిగారు మూస్తే మూసుకుంటాయి. ఆ నాలుగు బిళ్ళలూ కోసింది నేనే.

పాలసీ టెస్టు దగ్గరపడేసరికి మనిషి మారాడు. మూడు వారాలు రోజూ పొద్దున్నే బిళ్ళ వేసుకున్నాడు. హుస్సేన్‌బీ, ఆయన భార్య, కూరలో ఉప్పు తగ్గిస్తే మాట్లాడకుండా తిన్నాడట. టెస్టులో నూట ముప్పై, ఎనభై నాలుగు వచ్చింది. పొట్ట బిగబట్టి కొలతిచ్చేవాళ్ళను చూసి ఇన్నేళ్ళు నవ్విన మనిషి, తనూ అదే పని చేసి గెలిచొచ్చాడు. మార్చిలో పాలసీ చేతికొచ్చింది. శెట్టిగారికి అరిసె పెట్టాడు.

బిళ్ళలు మానేశాడు. వారమైనా గోడ దాటి రాకపోయేసరికి శెట్టిగారే పిలిచి అడిగాడు.

"ఇంకెందుకు శెట్టిగారూ? ఆల్టరేషన్ అయిపోయింది, కొలత సరిపోయింది. సరిపోయినాక కుట్లు విప్పుతామా?"

"అది చొక్కా కాదు నాగూరూ! మందు మానేస్తే మళ్ళీ పైకి పోద్ది. నీకెట్టా చెప్పాల నేను?"

"పోతే పోనీ. ఇప్పుడు ఇన్సూరెన్సు ఉంది గదా."

శెట్టిగారు నన్ను కౌంటరు మీద టకామని కొట్టాడు. మా ఇద్దరికీ ఆ ఒక్కసారి మనసు కలిసింది.

జూన్‌లో స్కూలు యూనిఫారాల పని పడింది. ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు తానులకు తానులు తెచ్చి పడేసి, వారంలో కావాలన్నారు. పొద్దున పదిగంటలప్పుడు నాగూరు నీలంరంగు గుడ్డ ఎనిమిది మడతలు వేసి కోస్తున్నాడు. నేను కౌంటరు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. గీత మీద పోతున్న కత్తెర పక్కకు తప్పింది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి గీత తప్పడం నేను చూడలేదు. ఆయనా ఆశ్చర్యంగా చేతి వంక చూసుకున్నాడు. తర్వాత కత్తెర నేల మీద పడింది. ఏదో అనబోతే మూతి ఒక పక్కకు పోయింది. శెట్టిగారు అరవయ్యేళ్ళ మనిషి, ఆ గోడ ఎలా దూకాడో ఆయనకే తెలియదు. ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు.

ఐదో రోజు హుస్సేన్‌బీ మందుల షాపుకు వచ్చింది. చంకలో కొలతల పుస్తకం ఉంది.

"ప్రాణానికి ఫరవాలేదన్నారన్నా. కుడి పక్కే, చెయ్యీ కాలూ..." అని ఆగి, కౌంటరు పట్టుకుని నిలబడింది. "ఏం మందు వాడతాడని డాక్టరు అడిగాడు. ఇంట్లో ఉన్న బిళ్ళలు చూపిచ్చా. ఒక్కదాని మీద పేరు లేదు. బీపీ ఎంతుండేదంటే నాకేం తెలుసన్నా? ఈ పుస్తకంలో రాసుకునేవాడు గదా అని ఆటోలో ఇంటికొచ్చి తీసకపోయి ఇచ్చా."

"మంచిపనే చేశావమ్మా."

"డాక్టరు గూడా అదే అన్నాడు. ఇంత శుభ్రంగా రాసుకున్నోణ్ణి చూళ్ళేదమ్మా అని మెచ్చుకున్నాడు. మూడేళ్ళవీ చూసి చూసి ఆయన కాగితంలో ఎక్కించుకున్నాడు. నాకు ఎంత సంబరమేసిందో! ఆస్పత్రిలోనే ఇన్సూరెన్సు బల్ల కాడికి పోతే ఆ కాగితమే చూశారు. మూడేళ్ళ నుంచి బీపీ ఉందంట, ఫారంలో లేదని అబద్ధం రాశారంట, ఒక్క పైసా రాదంట. భాస్కర్ ఫోనెత్తట్లా. అన్నా, నేను తీసకపోకుండా ఉండాల్సిందా?"

 తీసుకుపోకుండా ఉంటే డాక్టరుకు తెలిసేది కాదు. తెలియకపోతే మనిషి దక్కేవాడో లేదో. ఆమె చేసింది తప్పని ఎవడు అనగలడు? ఫారంలో లేదని రాసినవాడు హాయిగా ఉన్నాడు. మీటరు వాళ్ళు హాయిగా ఉన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నిజం రాసింది ఆ పుస్తకం ఒక్కటే, శిక్ష దానివల్లే పడింది. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఒక మిషను అమ్మేశారు. రెండోదాని మీద హుస్సేన్‌బీ జాకెట్లు కుడుతోంది, కోత పని బయట చేయించుకుంటోంది.

దసరా ముందు నాగూరు మొదటిసారి అరుగు మీదికి వచ్చాడు. ఒక పక్క కర్ర, ఒక పక్క హుస్సేన్‌బీ. మాట కొంచెం ముద్దగా ఉంది గానీ అర్థమవుతోంది. కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుని, నన్ను చూశాడు.

"శెట్టిగారూ, అది ఇటివ్వు."

హుస్సేన్‌బీ చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డ పీలిక ఒకటి లాక్కుని, అంచు పళ్ళతో బిగించి పట్టుకున్నాడు. నన్ను ఎడమచేత్తో తీసుకున్నాడు. మమ్మల్ని కుడిచేతి కోసమే చేస్తారు. ఎడమచేత్తో నొక్కితే రెండు రెక్కలూ దగ్గరకు రావు, విడిపోతాయి. గుడ్డ మధ్యలో మడతపడి నలిగిందే గానీ తెగలేదు. మళ్ళీ నొక్కాడు. నేను ఎంత ప్రయత్నించానో దేవుడికి తెలుసు. మూడోసారి చెమటలు పట్టాయి ఆయనకు. గుడ్డ నోట్లోంచి జారి కిందపడింది.

ఆయన నన్ను తిప్పి, అంచు మీద వేలు పెట్టి చూశాడు. ఏళ్ళ తరబడి నన్ను పట్టుకున్న మనిషి, ఆ వేలికి నా పదును తెలియకుండా ఉండదు.

"మొద్దుబారిపోయింది శెట్టిగారూ," అన్నాడు. "సాన పట్టియ్యి."

శెట్టిగారు నన్ను అందుకున్నాడు. అంతకు ముందు నిమిషమే నాతో ఎవరికో నాలుగు బిళ్ళలు కోసి ఇచ్చాడు.

"అవును నాగూరూ," అన్నాడు. "ఈమధ్య అసలు తెగట్లా."

హుస్సేన్‌బీ వంగి కింద పడ్డ పీలిక తీసుకుంది. నా మీద అబద్ధపు నింద పడడం అదే మొదటిసారి. ఆ రోజుకి నేను మొద్దు కత్తెరనే.