హెల్పర్ అన్న మాట

గోదాము గేటు దగ్గర బస్తాలు మోసే పెద్దన్న భార్య నిలబడి ఉంది. నిన్న బస్తాల దొంతర కూలి పెద్దన్న కాలు నుజ్జయింది. ఖర్చు తమదని కంపెనీ సంతకం పెడితేనే ఆపరేషన్. లేకపోతే కాలు తీసేస్తారు.

కాంట్రాక్టరు పెద్దన్న పని ఒప్పందం కాగితం పైకెత్తాడు. "వర్క్‌మన్ అయితే మా పూచీ. ఇక్కడేముంది? హెల్పర్! సాయానికొచ్చి కాలు విరగ్గొట్టుకుంటే మేమేం చేస్తాం?"

ఆ కాగితం రాసింది ఎదురు కొట్టు షావుకారు. లాభం లేనిదే కలం పట్టని మనిషి. సరుకంతా నీ దగ్గరే కొంటాను, ఆ ఒక్క మాట మార్చమన్నాడు కాంట్రాక్టరు. వర్క్‌మన్, హెల్పర్ రెండూ ఒకే తూకం మాటలనుకున్నాడు షావుకారు. పైగా పెద్దన్నకి తనే అంటగట్టాడు: "కూలీ అంటే చులకన, లేబర్ అంటే చెమట కంపు. హెల్పర్ అంటే దర్జా అన్నా!" పెద్దన్న మురిసిపోయి వేలిముద్ర వేశాడు.

"చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు బాబూ," అంది ఆమె, గొడవ విని కొట్టులోంచి వచ్చిన షావుకారుతో. "ఆ మాటకి అర్థమేంటి?"

కాంట్రాక్టరు కళ్ళెర్రజేశాడు. షావుకారు మనసులో త్రాసు ఊగింది. ఒక పక్క కొట్టు, ఒక పక్క కాలు.

"వర్క్‌మన్ కొట్టేసి హెల్పర్ అని రాయమన్నాడు వదినా. రాసింది నేనే. ఎందుకని అడగలేదు. అడిగితే బేరం పోతుందని."

"నీ నోట్లో మట్టి పడ! దర్జా అన్నావు కదరా!" గేటు దగ్గర మూగిన కూలీల్లో ఎవరో షావుకారు చొక్కా పట్టుకున్నారు.

"వదలండ్రా. వీణ్ణి తంతే కాలొస్తుందా?" అన్నాడు ముసలి మేస్త్రి. "మనం సాయానికొచ్చినవాళ్ళమట. సంతకం పడేదాకా సాయం మానేద్దాం. లారీలు దొరగారే దించుకుంటారు!"

నవ్వులు లేచాయి. కూలీలు నలభై మందీ గేటుకడ్డంగా కూర్చున్నారు. ఒక్క బస్తా కదల్లేదు.

మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చింది. అధికారి పేర్లు రాసుకుంటున్నాడు.

"పనేంటి?"

"వర్క్‌మన్."

"నువ్వు?"

"వర్క్‌మన్."

"ఆడదానివి, నువ్వేంటి?"

"నేనూ వర్క్‌మన్నే! బస్తాకి తెలుసా ఆడా మగా?"

షావుకారు కొట్టు షట్టరు దించి, వరసలో చివర నిలబడ్డాడు.

"నువ్వు కొట్టువాడివి. పక్కకి పో," అన్నాడు అధికారి.

"కాగితం మార్చింది నేను సార్. అదీ రాసుకోండి. పని... హెల్పర్."

ఎవరూ నవ్వలేదు. పెద్దన్న భార్య అతని ముఖం చూడకుండానే మేస్త్రితో అంది:

"ఈ పోలీసు కాగితంలోనైనా ఈసారి సరిగ్గా రాశారో లేదో ఎవరిచేతైనా చదివించు తాతా. ఇతని చేత మాత్రం వద్దు."