డాజిల్ కార్డు మీద పెన్ను గీత

నేను ఒక పెళ్ళి శుభలేఖ ముక్కని. ఒకవైపు సగం తెగిన బంగారు రంగు వినాయకుడు. రెండోవైపు నీలం ఇంకుతో 'డాజిల్' అనే ఇంగ్లీషు మాట, దాని కింద 'మెరవడం' అని అర్థం. ఆ అర్థం తప్పు! నా భయమంతా అదే.

అమీర్‌పేట హాస్టల్లో బ్యాంకు పరీక్షకి చదువుతూ, పాత శుభలేఖలు కత్తిరించి ఇంగ్లీషు మాటల కార్డులు చేసుకున్న వసుంధర అనే అమ్మాయి తొందరలో అలా రాసేసింది. ఆమెకి ఉద్యోగం వచ్చేసింది. అంతే, మా కార్డుల కట్ట మహిమగలదైపోయింది. మంచం ఖాళీ చేసేవాళ్ళు కొత్తగా వచ్చేవాళ్ళకి మమ్మల్ని ఇచ్చి వెళ్ళాలి, ఉద్యోగం కొట్టిన కార్డుల మీద ఎవరూ పెన్ను పెట్టకూడదు. మనుషులకి దిద్దుకోవడం కంటే కళ్ళకద్దుకోవడమే తేలిక కాబోలు.

తర్వాత మహబూబాబాద్ నుంచి నీలవేణి వచ్చింది. రెండుసార్లు ఒక్క మార్కులో పోయింది. ఆ ఒక్క మార్కు నేనేనా? రేపే మూడో పరీక్ష! "డాజిల్ అంటే మెరవడం" అని ఆమె వల్లెవేస్తుంటే నాకు వణుకు. నా మీది మాట పుట్టుక ఎలా చెప్పను? 'డేజ్' అనే పాత మాటకి బిడ్డని నేను. అంటే దిమ్మెరపోయేలా చేయడం. ఇంకా వెనక్కి వెళ్తే, ఉత్తరాది మంచు దేశాల్లో చలికి సోలిపోవడమట! నాది మెరుపు కథ కాదు, మెరుపుని తట్టుకోలేని కళ్ళ కథ.

మధ్యాహ్నం మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ నన్ను చదువుతోంది. ఎదురు అద్దాల బిల్డింగ్ మీది ఎండ ఒక్కసారిగా మొహాన కొట్టింది.

"అమ్మో! కండ్లు బైర్లు కమ్మినయే!"

పక్కనే ఉన్న రూమ్మేట్ షాహీన్ ఫోన్‌లో డిక్షనరీ తీసింది. "గదేనే నీ డాజిల్! చూడు."

"మెరుసుడు అని రాసుంది గదా?"

"మెరుసుడు వేరే. మెరిసి నీ కండ్లు కమ్మేటట్టు చేసుడు డాజిల్. దిద్దు."

"వద్దే, లక్కు పోతది."

"రెండుసార్లు ఏం లక్కొచ్చిందే నీకు?"

నీలవేణి పెన్ను తీసింది. గీత పడింది. ఆ ఊపులో మిగతా కార్డులూ వెతికితే ఇంకో పదకొండు తప్పులు!

పరీక్షలో నేను రానేలేదు. దిద్దిన వాటిలో రెండు వచ్చాయట. ఉద్యోగం వచ్చింది.

వెళ్తూ వెళ్తూ కట్టని కొత్తమ్మాయి చేతిలో పెట్టింది, రబ్బరు బ్యాండ్‌లో ఆ పెన్ను దోపి. "ఇంకా తప్పులుంటయ్ చెల్లె, చూసుకుంట దిద్దుకో."

కొత్తమ్మాయి బుద్ధిగా తలూపింది. నీలవేణి ఆటో ఎక్కగానే పెన్ను తీసి, మూతైనా విప్పకుండా, కళ్ళకద్దుకుంది.

నా కింది కార్డు మీద ఒక తప్పు మిగిలే ఉంది. విప్పమ్మా, మూత విప్పు!