పెద్దకోడలి పెడల్ పడవ

పెద్దకోడలు బట్టలు ఆరేసి రెండు రోజులైంది. ఇంకా చెమ్మగానే ఉన్నాయి. గోడకు అవతల చిన్నకోడలి బట్టలు మాత్రం పావుగంటకే పెళపెళలాడతాయి. ఆరవా మరి! గాలి కాపురముండేది ఆ ఇంట్లోనే. ఆవిడ కాపురానికొచ్చిన రోజున వెంట వచ్చింది, ఇక పోలేదు. వంటింట్లో గిన్నెల మూతలు కదుపుతూ, క్యాలెండర్ కాగితాలు తిప్పుతూ అక్కడే ఉంటుంది. ఆవిడ పడవ తీస్తే తెరచాప వెనకే బయల్దేరుతుంది. ఊళ్ళో ఎవరి పరుపు తడిసినా చిన్నకోడలి దొడ్డికే పంపుతారు.

తోడికోడళ్ళకు చెరో చిన్న తెరచాప పడవ. మనుషుల్ని ఎదురుగా ఉన్న దీవికి చేర్చడం ఇద్దరి పనీ. పెద్దావిడకు పదిహేనేళ్ళ అనుభవం, అల చూసి లోతు చెప్పగలదు. దారినపోయే గాలి దొరికితే సరే, లేకపోతే తెడ్డే గతి. చిన్నావిడకు చుక్కాని పట్టుకు కూర్చోవడం తప్ప ఏమీ రాదు, పడవలో తెడ్డు కూడా ఉండదు. అయినా జనం ఎగబడేది ఆ పడవకే. అది చూసినప్పుడల్లా పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడు దీవిలో ఆసుపత్రి తెరిచారు. నర్సమ్మను రోజూ తీసుకెళ్ళి తీసుకురావడానికి ఒక పడవ కావాలి. శనివారం పొద్దున ఎవరు ముందు దీవి చేరితే ఆ పని వాళ్ళదేనన్నాడు రేవు అధికారి.

"ఏమండీ, ఊరందరి సైకిళ్ళూ బాగుచేస్తారు కదా, నా పడవకు పెడళ్ళు పెట్టలేరా?" అంది పెద్దకోడలు మొగుడితో.

"పడవకా? మతి పోయిందా నీకు?"

"చిన్నదానికి గాలి ఉంది. నాకు కాళ్ళున్నాయి."

శనివారం తెల్లారేసరికి పడవ మధ్యలో సీటు, పెడళ్ళు, చైను, నీళ్ళలో తిరిగే రెక్కలు అమర్చాడాయన. తొక్కుడు తేలిగ్గా ఉంటుందని పక్కన ఒక పాత సైకిల్ చక్రం కూడా బిగించాడు. తొక్కి చూసుకునే వ్యవధి లేకపోయింది.

ఈల మోగగానే చిన్నకోడలు దూసుకుపోయింది. పెద్దకోడలు పళ్ళు బిగించి తొక్కింది. సగం దూరంలో చక్రం ఊపందుకుని గిర్రున తిరిగింది. అప్పుడు చెంపకు చల్లగా ఏదో తగిలింది. గాలి! స్పోకుల్లో దూరి, బయటికొచ్చి, మళ్ళీ దూరి, చిన్నపిల్లలా ఆడుకుంటోంది.

ముందున్న పడవలో తెరచాప వేలాడిపోయింది.

"అక్కా! ఇదేంటి, కదలట్లేదు?" చిన్నకోడలు అరిచింది. పడవ ఆగిపోవడమంటే ఏమిటో ఆవిడకు అదే మొదటిసారి.

అబద్ధమెందుకు, ఆ కేక పెద్దకోడలికి తియ్యగా వినిపించింది. ఇంకోసారి అరిస్తే బాగుండుననుకుంది. ఆవిడను దాటేసి, ఎంత ముఖం మాడ్చుకుందో చూద్దామని వెనక్కి తిరిగింది.

నీటి లాగుడుకు ఆ పడవ రాళ్ళగట్టు వైపు కొట్టుకుపోతోంది. తను మళ్ళి వెళ్ళేలోపు ముక్కలైపోతుంది. తను చేరడం కుదరదు. గాలి చేరగలదు.

"చచ్చినదానా, ఒక తెడ్డన్నా పెట్టుకోవే!" అని తిట్టి, పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేసింది.

చక్రం నెమ్మదించి ఆగింది. గాలి కాసేపు స్పోకుల్లో తచ్చాడి, విసుగుపుట్టి, చిన్నకోడలి పడవకు వెళ్ళిపోయింది. తెరచాప నిండింది. చిన్నకోడలు రాళ్ళకు జానెడు దూరంలో మళ్ళి, తోడికోడలి పక్కనుంచే దూసుకుపోయి దీవి చేరింది. నర్సమ్మ ఆవిడ పడవే ఎక్కింది.

"అంత బాగా తొక్కుతూ ఆపేశావేం?" అన్నాడు మొగుడు.

"కాళ్ళు పట్టేశాయి" అంది పెద్దకోడలు. ఇంటికెళ్ళి కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

సాయంత్రం పడవను దొడ్లోకి లాక్కొచ్చి చక్రం ఊడదీయబోయాడాయన. ఆమె తీయనివ్వలేదు. ఆయన లోపలికి వెళ్ళాక చెమ్మబట్టల కింద కూర్చుని చేత్తో పెడల్ తిప్పింది. ముందు మూలనున్న చొక్కా చెయ్యి కదిలింది. తర్వాత తీగ మొత్తం ఊగింది.

గోడకవతల గిన్నెల మూతల చప్పుడు ఆగిపోయింది.

"అక్కా! మా ఇంట్లో గాలి ఆడట్లేదక్కా!"

"ఉండవే, వస్తుందిలే" అంది పెద్దకోడలు, తిప్పడం ఆపకుండానే. "మా బట్టలు ఆరనీ."