పదిహేను వందల గుమ్మడికాయ

రాయప్ప మాస్టారు మంచివాడని తిరువూరు తాలూకాలో ఎవరిని అడిగినా చెబుతారు. నన్ను మాత్రం ఎవరూ అడగరు. నా కొంప ముంచినవాడు ఏ దొంగో, తాగుబోతో అయితే నాకింత మండేది కాదు. చేతిలో జపమాల, భుజాన మడత నలగని కండువా, నోట్లో ప్రభువు పేరు పెట్టుకుని ముంచాడు. అదీ కంటాసుపత్రి కోసం ముంచాడు. ఇక నేను నోరెత్తితే గుడ్డివాళ్ళ ఉసురు పోసుకుంటున్నానని నన్నే తిడతారు. నాలుగో తరగతిలో పలక పారేసినవాడి మాట ఎవడికి కావాలి?

డెబ్బై నాలుగులో సంగతి ఇది. మిషన్ వాళ్ళ కంటాసుపత్రికి కొత్త వార్డు కట్టాలని చందాలు మొదలుపెట్టారు. తిరువూరు కమిటీకి రాయప్ప మాస్టారు సెక్రటరీ. రసీదు పుస్తకం పట్టుకుని ఊరూరా తిరిగాడు. వానలు సరిగ్గా లేని ఏడు, ఎవరిస్తారు? మా పెనుగొలనులో పావలా, అర్ధ రూపాయి రాలాయి. అప్పుడు ఆ ఏడాది చర్చి పండగలో జరిగే కానుకల వేలం మొత్తం కంటాసుపత్రికే అని తీర్మానించారు.

మా పండగలో పూజ అయ్యాక ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి పీఠం ముందు పెడతారు. వడ్ల గంప, అరటి గెల, కోడిపుంజు, ఏదైనా సరే. తర్వాత బయట పందిట్లో వాటిని వేలం వేస్తారు. బజారులో రూపాయి చేసే కాయని దేవుడి పేరున పది రూపాయలకి పాడతారు. పాడినవాడు వెనక్కి పోవడం మాత్రం మాలో లేదు. పీఠం ముందు పెట్టిన వస్తువు మీద ఇచ్చిన మాట అది.

మా ఆవిడ జ్ఞానమణి ఆ ఏడు గుమ్మడికాయ ఇచ్చింది. మా పాక మీద పాకిన తీగకి కాసింది. నలభై ఏళ్ళు నిండకుండానే ఆమెకి రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. వెలుతురుందో చీకటి పడిందో తెలిసేది, అంతే. చేత్తో తడుముకుంటూ ఆ కాయ ఎంత పెరిగిందో నాకు చెప్పేది. కూరకి కోస్తానంటే కోయనిచ్చేది కాదు.

పండగ ముందు రోజు తిరువూరు బస్టాండు దగ్గర టీ కొట్లో రాయప్ప మాస్టారు నన్ను పట్టుకున్నాడు.

"ఏరా బాలశౌరీ, దేవుడి పని ఒకటుంది. చేస్తావా?"

"పనైతే చేస్తాను మాస్టారూ. చందా అంటే మాత్రం నా దగ్గర చిల్లిగవ్వ లేదు."

"చందా ఎవడడిగాడ్రా నిన్ను? నోరు అడుగుతున్నా. దేవుడు నీకు పుష్కలంగా ఇచ్చింది అదొక్కటే గదా!"

కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మాస్టారు నన్ను పక్కకి తీసుకెళ్ళి అసలు సంగతి చెప్పాడు. రైసు మిల్లు ఏడుకొండలు షావుకారు వేలానికి పెద్దమనిషిగా వస్తున్నాడు. ఎదురు పాడేవాడుంటే తప్ప ఆయన జేబులో చెయ్యి పెట్టడు. ఆ ఎదురు నేను పాడాలి.

"నేనే ఎందుకండీ?"

"మీ నాన్న వాళ్ళింట్లో పాలేరుగా చేశాడు గదరా. పాలేరు కొడుకు నెగ్గుతుంటే చూస్తూ కూర్చుంటాడా? నువ్వు పది పెంచితే ఆయన యాభై పెంచుతాడు."

"పాట నా మీద ఆగిపోతేనో?"

"నేనెందుకున్నాన్రా? ఆయన పస అయిపోతోందని తెలియగానే ఈ కండువా ఎడం భుజం మీంచి కుడి భుజానికి మారుస్తాను. అది చూసి నోరు మూసెయ్. ఇంకో మాట. ఎండాకాలంలో ఇక్కడ క్యాంపు పెడుతున్నారు. ఆపరేషన్ల లిస్టులో మొదటి పేరు మీ ఆవిడదే. రాసేది నేనేగా!"

ఆ చివరి మాటకి నేను పడిపోయాను. ఇంటికొచ్చి మణికి చెప్పాను. ఆమెకి నచ్చలేదు.

"దేవుడి ముందు ఉత్తుత్తి పాటేంటయ్యా?"

"మాస్టారే చెప్పాడే. డబ్బులు కట్టేది షావుకారు, మనం కాదు."

"మాస్టారు చెబితే సరేలే" అంది. ఆయన మీద ఆమెకి అంత గురి.

మర్నాడు వేలం జరిగింది. చర్చి గంట కొట్టే అంతోనయ్య పాట నడిపించాడు. పుంజులు, గెలలు అయ్యాక మా గుమ్మడికాయని రెండు చేతులా పైకెత్తాడు.

"చూసుకోండయ్యా! మా ఫాదరుగారి బొజ్జంత ఉంది! కళ్ళు కనపడని తల్లి ఇచ్చిన కాయ, కళ్ళాసుపత్రికి పోయే కాయ. ఎంతండీ?"

"యాభై" అన్నాడు కుర్చీలో కూర్చున్న షావుకారు.

"అరవై" అన్నాను.

జనం వెనక్కి తిరిగి చూశారు. షావుకారు వంద అన్నాడు. నేను నూట పది. ఆయన రెండొందలు. నేను రెండొందల పది. అప్పుడు ఆయన నవ్వుతూ నావైపు తిరిగాడు.

"ఏం బాలశౌరీ, కాయ కొంటే సరా? తాలింపులోకి నూనె మళ్ళీ మా కొట్లోనే అప్పు పెట్టాలి గదా? రెండొందల యాభై!"

"నూనె లేకపోతే ఉడకబెట్టుకుని తింటాం షావుకారు గారూ. మూడొందలు!"

పందిరంతా గొల్లుమంది. ఎవడో ఈల కూడా వేశాడు. షావుకారు మొహం మాడిపోయింది. అయిదొందలన్నాడు, నేను పెంచాను. ఏడొందలన్నాడు, మళ్ళీ పెంచాను. పెంచిన ప్రతిసారీ రాయప్ప మాస్టారి భుజం చూస్తూనే ఉన్నాను. కండువా ఎడం పక్కనే ఉంది.

"మీ నాన్న మా గొడ్ల చావిట్లో పడుకునేవాడురా" అన్నాడు షావుకారు, అందరికీ వినపడేలా. "పాపం, ఆయనకి నోరే ఉండేది కాదు. ఆయన నోరు కూడా కలిపి నీకే వచ్చినట్టుంది. వెయ్యి నూట పదహార్లు!"

మా నాన్న ఆ చావిట్లో దోమల మధ్య పడుకుని, కడుపు కట్టుకుని చెరువు కింద పొలం చెక్క కొన్నాడు. ఆ మాట నలుగురిలో అనిపించుకుని నేను ఊరుకోవాలా? అయినా ఊరుకునేవాణ్ణే. కండువా వైపు చూశాను. అది ఎడం భుజం మీదే ఉంది. మాస్టారు నావైపే చూస్తున్నాడు. తల కూడా ఊపాడు.

"పదిహేను వందలు!" అన్నాను.

షావుకారు కుర్చీలో వెనక్కి వాలాడు. రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెట్టాడు.

"నెగ్గావు నాయనా. నేను ఇంటి దగ్గర అనుకుని వచ్చిందే వెయ్యి నూట పదహార్లు. పొద్దున మాస్టారికి చెప్పాను గదా. పాటతో పనిలేదు, అది ఎటూ ఇచ్చేస్తున్నా" అని జేబులోంచి కవరు తీసి ఫాదరుగారి చేతిలో పెట్టాడు.

అంతోనయ్య ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. నేను రాయప్ప మాస్టారి వైపు చూశాను. ఆయన చప్పట్లు కొడుతున్నాడు.

పొద్దునే తెలుసు వాడికి. షావుకారు ఎక్కడ ఆగుతాడో పైసలతో సహా తెలుసు. తెలిసీ నన్ను ఎక్కనిచ్చాడు. రెండు వేల ఆరు వందల పదహారు రూపాయలు! తాలూకాలో ఏ కమిటీకీ ఒక్క పాటలో అంత రాలేదని తర్వాత పేపరులో కూడా వేయించుకున్నాడట.

జనం భోజనాలకి లేచాక మాస్టారిని చర్చి వెనక పట్టుకున్నాను.

"కండువా ఏదండీ?"

"ఏ కండువారా?"

"నిన్న టీ కొట్టు దగ్గర చెప్పిన కండువా!"

మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ప్రభువే నీ నోట పలికించాడు బాలశౌరీ. వద్దనడానికి నేనెవర్ని?"

"అయితే ప్రభువునే కట్టమనండి!"

"ఛీ, నోరు కడుక్కో!"

"ఫాదరుగారి దగ్గరికి పోతున్నా. అంతా చెప్పేస్తా."

"పో. పీఠం ముందు కానుకల మీద దొంగపాట పాడానని చెప్పు." గొంతు తగ్గించాడు. "దొంగపాట పాడినవాడి పెళ్ళాం పేరు లిస్టులో ఉంచమని నేను ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆ పీక పిసికేద్దామనిపించింది. పందిట్లో ఓ పక్కన మణి కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని తలెత్తింది.

"అయిపోయిందా ఉత్తుత్తి పాట?"

"అయిపోయింది" అన్నాను.

నాలుగు రోజులు పోయాక షావుకారు కబురు పెట్టాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "దేవుడి బాకీ ఉంచుకోకూడదు. చెరువు కింద చెక్క నాకు రాసెయ్. ఎంతకి పాడావో అంతే ఇస్తాను. వచ్చే పంట ఒక్కటీ నువ్వే కౌలుకి చేసుకో" అన్నాడు. ఆ చెక్క కళ్ళు మూసుకున్నా పాతిక వందలకి పోతుంది. కానీ షావుకారు కన్నేసిన చేనుకి బేరమాడే మగాడు మా చుట్టుపక్కల ఎవడున్నాడు? తిరువూరు రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర కాదు, నేర్చుకున్న నాలుగక్షరాలతో సంతకమే పెట్టాను. నా కింద సాక్షి సంతకం రాయప్ప మాస్టారిది. ముత్యాల్లాంటి అక్షరాలు!

మణికి చెప్పలేదు. చెబితే ఆపరేషన్ బల్ల ఎక్కదు. 'నా కళ్ళు కాలిపోనీ, చేను విడిపించు' అంటుంది. ఊళ్ళో తెలిసినవాళ్ళు కూడా ఆమె దగ్గర ఆ మాట ఎత్తలేదు.

ఎండాకాలంలో క్యాంపు పెట్టారు. మొదటి పేరు ఆమెదే పిలిచారు. కాదనను. ఆ డాక్టరు మంచివాడు. పైసా అడగలేదు. కట్టు విప్పి, లావు అద్దాల కళ్ళజోడు పెట్టి, "అమ్మా, ఎవరు వీళ్ళు?" అని నన్ను చూపించాడు. "ముసలోడైపోయాడే!" అని నవ్వింది మణి. అక్కడున్న నర్సులు కూడా నవ్వారు. ఆ క్యాంపు ఖర్చుల కింద నా పదిహేను వందల్లో ఎంత పోయిందో నాకు తెలియదు. మాస్టారు మాత్రం ప్రతి మంచం దగ్గరా నిలబడి ఫోటోలు తీయించుకున్నాడు.

కోతలప్పుడు మణి నేనూ వస్తానంది. వద్దన్నాను. ఎండన్నాను, పాములన్నాను. వింటేనా? గట్టు ఎక్కగానే కళ్ళజోడు సర్దుకుని నిలబడిపోయింది. ఆ ఏడు పంట బంగారంలా ఉంది. కంకి పట్టుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత అటు పక్క చూసింది. షావుకారి గుమాస్తా, ఇద్దరు మనుషులు మా గట్టు వెంట గొలుసు లాగుతున్నారు.

"ఏమయ్యా, మన చేను వాళ్ళు కొలుస్తున్నారేంటి?"

నేను వంగి కోత మొదలుపెట్టాను.

"ఏమయ్యా, నిన్నే. ఎవరు వాళ్ళు?"

"షావుకారి మనుషులు. రాసిచ్చేశాను. గుమ్మడికాయ పాట కింద."

ఆమె కాసేపు ఆ గొలుసునే చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఎంత రాసిచ్చావు?"

"ముప్పై ఎనిమిది సెంట్లు."

"మనకున్నదే ముప్పై ఎనిమిది సెంట్లు గదయ్యా."

"అవును" అన్నాను. "ముప్పై ఎనిమిది సెంట్లూ."